ఊరు దాటినా ఓటు జారకుండా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఓటరు నమోదు, గుర్తింపు పత్రాలు

ఓటరు కార్డు బీరువాలో భద్రంగా ఉంది కదా, ఓటు ఎక్కడికి పోతుందిలే అనుకుంటాం. పోతుంది. కార్డు మీరెవరో చెబుతుంది, అంతవరకే. ఓటు వేయనిచ్చేది పోలింగ్ అధికారి ముందున్న జాబితాలో మీ పేరు. ఆ పేరుంటే కార్డు పోయినా వేరే గుర్తింపు చూపించి ఓటేయొచ్చు. పేరు లేకపోతే పదేళ్లనాటి కార్డు చూపించినా వెనక్కి పంపేస్తారు.

మన రెండు జిల్లాల్లో ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. సగం ఊరు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిచేస్తుంటుంది. తీరం వాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా వేటకు పోతారు. తలుపుకు తాళం ఉన్న ఇంటి దగ్గరే ఓటు జారిపోయే ప్రమాదం ఎక్కువ. కాబట్టి కొత్తగా నమోదు చేసుకునేవాళ్లూ, ఎప్పటినుంచో ఓటున్నవాళ్లూ కూడా ముందు జాబితా చూసుకోండి.

ముందు జాబితా చూడండి

ఎన్నికల సంఘం వెబ్‌సైటు ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పేరు వెతికే సౌకర్యం ఉంది. ఫోన్ యాప్‌లో అయినా చూడొచ్చు. కార్డు మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఏడు అంకెలతో ఉండే నంబరు కొడితే నేరుగా వచ్చేస్తుంది. నంబరు గుర్తులేకపోతే పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు ఇచ్చి వెతకాలి. అప్పుడు ఒక్క స్పెల్లింగుతో ఆగిపోకండి. పైడితల్లి అన్న పేరును ఒకరు ‘ఐ’తో రాస్తారు, ఇంకొకరు ‘వై’తో రాస్తారు. రెండూ ప్రయత్నించాకే పేరు లేదన్న నిర్ణయానికి రండి. ఫోన్ వాడకం రానివాళ్లు 1950కి ఫోన్ చేయొచ్చు, లేదా గ్రామ సచివాలయంలో అడిగి మీ పోలింగ్ కేంద్రం బీఎల్‌వో (బూత్ స్థాయి అధికారి) ఎవరో తెలుసుకోవచ్చు. ఆ కేంద్రం జాబితా మొత్తం బీఎల్‌వో దగ్గర ఉంటుంది.

పేరు దొరికాక మూడు సంఖ్యలు రాసిపెట్టుకోండి: నియోజకవర్గం సంఖ్య, భాగం సంఖ్య, వరుస సంఖ్య. శ్రీకాకుళం నియోజకవర్గం సంఖ్య 5, విజయనగరం 18. భాగం సంఖ్య అంటే మీ పోలింగ్ కేంద్రం జాబితా. ఆ తర్వాత ఏ ఆఫీసుకు వెళ్లినా మొదట అడిగేవి ఇవే.

జిల్లా ఎంచుకునే చోట కొందరు తడబడతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి గానీ నియోజకవర్గాలు మారలేదు. రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లింది. ఎచ్చెర్ల, లావేరు, రణస్థలం, జి.సిగడాం మండలాల వాళ్లు శ్రీకాకుళం జిల్లాలోనే ఉంటారు, ఎంపీ ఓటు మాత్రం విజయనగరం లోక్‌సభ స్థానానికి వేస్తారు. ఎస్.కోట వాళ్ల ఎంపీ స్థానం విశాఖపట్నం. వీటితో తికమక పడనక్కర్లేదు. నమోదుకు కావలసింది అసెంబ్లీ నియోజకవర్గం ఒక్కటే. జిల్లా కింద మీ నియోజకవర్గం కనబడకపోతే పాత జిల్లా పేరు కింద కూడా ఒకసారి చూడండి.

ఏ పనికి ఏ ఫారం

తొలిసారి ఓటరుగా చేరడానికి ఫారం 6. ఇల్లు మారినా, ఊరు మారినా, పేరో వయసో ఫొటోనో తప్పుగా ఉన్నా, కార్డు పోయినా, వైకల్యం ఉన్నట్టు నమోదు కావాలన్నా అన్నింటికీ ఫారం 8. చనిపోయినవాళ్ల పేరు తీయించడానికి, జాబితాలో ఉండకూడని పేరు మీద అభ్యంతరం చెప్పడానికి ఫారం 7. గల్ఫ్‌లోనో మరే దేశంలోనో ఉంటూ భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఫారం 6ఎ. సైన్యంలో ఉన్నవాళ్లు తమ యూనిట్ ద్వారా ఫారం 2 ఇస్తారు, వాళ్ల సంగతి వేరు. వీటిలో దేనికీ రుసుము లేదు.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. ఇల్లు మారగానే మళ్లీ ఫారం 6 పెట్టేస్తారు. దాంతో పాత ఊళ్లో ఒక పేరు, కొత్త ఊళ్లో ఒక పేరు తయారవుతాయి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఎవరి పేరూ రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదు, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లూ ఉండకూడదు. ఫారం 6 చివర ‘నా పేరు మరెక్కడా లేదు’ అని సంతకం చేస్తారు. తెలిసి అబద్ధం రాస్తే 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ పడవచ్చు. పట్టుబడకపోయినా నష్టమే. ఒకే ఫొటో, ఒకే వివరాలున్న పేర్లను కంప్యూటరు జల్లెడ పడుతుంది. మీకు కావలసిన పేరును ఉంచి అక్కర్లేనిదాన్ని తీసేస్తారన్న భరోసా ఏమీ ఉండదు. ఫారం 8 పెడితే కార్డు నంబరు అదే ఉంటుంది, పేరు మాత్రం కొత్త చోటుకు వెళుతుంది.

పద్దెనిమిది ఎప్పుడు నిండినట్టు

2022 ఆగస్టు 1 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు అమలులో ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. 2008 ఏప్రిల్ 1న పుట్టిన పిల్లకు 2026 ఏప్రిల్ 1 నాటికి అర్హత వస్తుంది. మరుసటి రోజు, అంటే 2008 ఏప్రిల్ 2న పుట్టిన పిల్లాడు జులై 1 దాకా ఆగాలి. పదిహేడు దాటినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్ల తేదీ వచ్చినప్పుడు పేరు చేరుతుంది. ఇంటర్ పూర్తిచేసి పిల్లలు ఊరు వదిలేలోపే ఈ పని చేయించండి. తర్వాత వాళ్లు విశాఖలోనో బెంగళూరులోనో ఉంటారు, ఆరా తీయడానికి వచ్చిన బీఎల్‌వోకు ఇంట్లో కనబడరు.

కాగితాలు

వయసుకు వీటిలో ఒకటి సరిపోతుంది: జనన ధ్రువపత్రం, ఆధార్, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, పుట్టిన తేదీ ఉన్న పదో తరగతి మెమో. ఇంటి చిరునామాకు ఆధార్, బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్‌బుక్, పాస్‌పోర్టు, కరెంటు లేక కుళాయి లేక గ్యాస్ బిల్లు, పట్టాదారు పాస్‌పుస్తకం వంటి భూమి రికార్డు, రిజిస్టరయిన అద్దె ఒప్పందం, రిజిస్టరయిన విక్రయ దస్తావేజు చెల్లుతాయి. బిల్లు మీ పేరున లేకపోయినా తండ్రి, తల్లి, భర్త లాంటి దగ్గరి బంధువు పేరున ఉంటే ఇవ్వొచ్చు.

ఆధార్ ఇస్తే పని సులువవుతుంది. ఇవ్వలేని కారణం ఉంటే ఫారంలోనే ఆ మాట చెప్పే గడి ఉంది. ఆధార్ నంబరు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో నమోదు నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది.

ఆధార్‌లో పాత చిరునామా ఉండి కొత్త చిరునామాతో దరఖాస్తు పెడితే మాత్రం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ఆధార్‌లో చిరునామా ముందు మార్పించుకోండి, లేదా కొత్త ఇంటికి సంబంధించిన మరో కాగితం జత చేయండి.

ఫొటో తెల్లటి వెనుకభాగంతో, ముఖం నేరుగా, కళ్లు తెరిచి ఉండాలి. పెళ్లి ఆల్బంలోంచి కత్తిరించినవి, సెల్ఫీలు తిరిగొస్తాయి. వెబ్‌సైటులో పెట్టే ఫొటో, కాగితాల స్కాన్లు 2 ఎంబీ మించకూడదు.

ఫారం నింపడం

1. వెబ్‌సైటులో ఫోన్ నంబరుతో ఖాతా తెరవండి. సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల నంబరుతో నింపేస్తే ఓటీపీలు, సమాచారం, తిరస్కరణ కబురు అన్నీ వాళ్లకే వెళ్తాయి. మీకు మాత్రం ఏమీ తెలియదు. ఆధార్‌కు ముడిపెట్టిన ఫోన్ కూడా దగ్గరుంచుకోండి, సంతకం బదులు దాని మీదికి ఓటీపీ రావచ్చు.

2. నియోజకవర్గం ఎంచుకుని, పేరు ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక ఉన్నా ఒక వరుసకు కట్టుబడండి.

3. బంధువు గడిలో తండ్రి, తల్లి, భర్త, భార్య వీళ్లలో ఎవరో ఒకరి పేరు రాస్తారు. ఆ తర్వాత మీ ఇంట్లో ఇప్పటికే ఓటున్న ఒకరి కార్డు నంబరు అడుగుతుంది. దీన్ని ఖాళీగా వదలకండి. ఆ నంబరుంటే మిమ్మల్ని వాళ్ల పక్కనే, అదే పోలింగ్ కేంద్రంలో చేరుస్తారు. లేకపోతే అమ్మానాన్నలకు ఈ వీధి బడిలో, మీకు అవతలి వీధి బడిలో ఓటు పడే అవకాశముంది.

4. ఇంటి నంబరు పంచాయతీ పన్ను రసీదులో ఉన్నట్టు రాయండి. పాత నంబరు, కొత్త నంబరు రెండూ వాడకంలో ఉంటే కొత్తది రాసి వీధి పేరు, దగ్గరి గుర్తు కూడా చేర్చండి. ‘రామాలయం వెనక’ అని రాయడం చిన్నతనమేమీ కాదు, బీఎల్‌వో వెతుక్కునేది దాన్నే.

5. చివర్లో మొత్తం ఫారం ఒకసారి చూపిస్తుంది. ఇక్కడ ఐదు నిమిషాలు ఆగండి.

ఎందుకంటే మీరు ఇంగ్లీషులో కొట్టిన పేరును యంత్రం తనంతట తాను తెలుగులోకి మారుస్తుంది. మన పేర్లు దానికి సరిగా తెలియవు. గేదెల అన్న ఇంటిపేరు ‘గెడెల’ అవుతుంది. పైడితల్లి ‘పిదితల్లి’ కావచ్చు. అప్పన్న ‘అపన్న’ అయిపోతుంది. తెలుగు గడి మీద నొక్కి చేత్తో దిద్దుకోవచ్చు. చాలామంది ఇంగ్లీషు వైపు మాత్రమే చూసి పంపేస్తారు. పోలింగ్ కేంద్రంలో జాబితా తెలుగులో ఉంటుంది, అధికారి చదివేది ఆ తెలుగు పేరునే. చిన్న అక్షరదోషం ఉందని ఓటు ఆపరు గానీ, పేరు మరీ గుర్తుపట్టలేకుండా ఉంటే ఏజెంట్లు ప్రశ్నించడానికి దారి దొరుకుతుంది. అమ్మ పెట్టిన పేరు జాబితాలో సరిగా ఉండాలని కోరుకోవడం న్యాయమే.

పంపాక ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం ఫారం ఇచ్చినవాళ్లు బీఎల్‌వో దగ్గర రసీదు చీటీ తప్పకుండా అడగండి.

తలుపు దగ్గర

దరఖాస్తు పెట్టాక నియోజకవర్గం నమోదు అధికారి దాన్ని బీఎల్‌వోకు అప్పగిస్తారు. బీఎల్‌వో అంటే మీకు తెలిసిన మనిషే అయ్యుంటుంది: సచివాలయం ఉద్యోగి, అంగన్‌వాడీ కార్యకర్త, టీచరు. ఇంటికి వచ్చి చూసేవి కొద్దే. ఆ మనిషి నిజంగా ఇక్కడ ఉంటున్నారా, ఫొటో సరిపోతోందా, వయసు కాగితం అసలుదేనా. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లను అడుగుతారు. పక్కింటావిడ ‘వాళ్లు ఊళ్లో ఉండట్లేదు’ అంటే కథ మారిపోతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టాక ఇరుగుపొరుగుకు ఒకమాట చెప్పి ఉంచండి, బీఎల్‌వో ఫోన్ నంబరు తీసుకుని మీరే ముందు ఫోన్ చేయండి.

అభ్యంతరాల కోసం దరఖాస్తుల జాబితాను కనీసం ఏడు రోజులు ఉంచుతారు. ఆమోదం వచ్చాక కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. ఈలోగా ఫోన్‌లోకి ఎలక్ట్రానిక్ కార్డు దించుకోవచ్చు.

తిరస్కరిస్తే కారణం అడిగి తెలుసుకోండి. పదిహేను రోజుల్లోగా జిల్లా కలెక్టరుకు అప్పీలు పెట్టుకోవచ్చు. అక్కడా కాదంటే ముప్పై రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి పెట్టుకోవచ్చు. కారణం మామూలు కాగితం లోపమైతే అప్పీలు కన్నా సరైన కాగితంతో మళ్లీ దరఖాస్తు పెట్టడమే త్వరగా తేలుతుంది.

పెళ్లయి వచ్చిన ఆడపిల్లలు

ఇక్కడే ఎక్కువ ఓట్లు దారి తప్పుతాయి. పుట్టింటి ఊళ్లో పేరు అలాగే ఉంటుంది, అత్తవారి ఊళ్లో కొత్తగా ఫారం 6 పెడతారు. అలా చేయకండి. పుట్టింటి కార్డు నంబరుతో ఫారం 8 పెట్టి ‘నివాసం మార్పు’ ఎంచుకోండి. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు అవతల ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల నుంచి కోడళ్లు వస్తుంటారు, ఇక్కడి పిల్లలు అటు వెళ్తుంటారు. రాష్ట్రం మారినా ఇదే ఫారం 8 పనిచేస్తుంది. ఒడియాలో ఉన్న కాగితాలు ఇక్కడి సిబ్బంది చదవలేకపోవచ్చు. అందుకని చిరునామా మార్పించిన ఆధార్ దగ్గరుంటే మేలు. తెలుగు పేరును ఈ సందర్భంలో రెండుసార్లు సరిచూసుకోండి.

ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. మార్చుకుంటే మాత్రం ఆధార్, బ్యాంకు, ఓటరు జాబితా మూడూ ఒకేలా ఉండేలా మార్చుకోవాలి. అత్తవారింటి ఇంటిపేరు ఒకచోట, పుట్టింటిది ఇంకోచోట ఉంటే ఎక్కడికక్కడ చిక్కే.

వంశధార రిజర్వాయరు కింద హిరమండలం, కొత్తూరు, ఎల్.ఎన్.పేట మండలాల్లో ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకు వెళ్లిన కుటుంబాలకూ, భోగాపురం విమానాశ్రయం కోసం కదిలినవాళ్లకూ ఇదే దారి. ఊరు మొత్తం కదిలింది కాబట్టి ఓట్లూ వాటంతట అవే కదులుతాయని అనుకోవద్దు. ఇంటికొకరు చొప్పున కూర్చుని ప్రతి ఓటరుకూ విడిగా ఫారం 8 పెట్టాలి, ఒక్క ఫారంతో ఇంటిల్లిపాదీ మారరు.

పనికోసం బయటున్నవాళ్లు

చట్టం అడిగేది ‘మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారు’ అని. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. అలాగని కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. వేట కాలం అయ్యాక వేరావల్ నుంచి తిరిగొచ్చే మత్స్యకారుడి ఓటు, భార్యాపిల్లలు ఊళ్లో ఉండగా ఆరు నెలలు కూలికి వెళ్లేవాడి ఓటు సొంత ఊళ్లోనే ఉండొచ్చు. కుటుంబం అంతా పదేళ్లుగా హైదరాబాద్‌లో స్థిరపడి, పిల్లలు అక్కడే చదువుతుంటే ఓటు అక్కడికి మార్చుకోవడమే సరైనది. హాస్టల్లో ఉండే విద్యార్థులు ఇల్లు, హాస్టల్ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. హాస్టల్ చిరునామా అయితే కాలేజీ నుంచి ధ్రువపత్రం ఇవ్వాలి.

ఊళ్లో ఓటు ఉంచుకున్నవాళ్లు చేయాల్సింది ఇది. జాబితా సవరణ జరిగే నెలల్లో బీఎల్‌వో ఇల్లిల్లూ తిరుగుతారు. తాళం చూసి ‘మారిపోయారు’ అని రాస్తే, పేరు తీసేముందు నోటీసు వస్తుంది. అది కూడా ఆ తాళం వేసిన తలుపుకే వస్తుంది. జవాబు లేకపోతే పేరు పోతుంది. కాబట్టి ఊళ్లో ఉన్న అన్నకో వదినకో మీ కార్డు నంబరు ఇచ్చి, బీఎల్‌వో వచ్చినప్పుడు మీరెక్కడున్నారో, ఎప్పుడొస్తారో చెప్పమనండి. ఏటా తుది జాబితా సాధారణంగా జనవరిలో వస్తుంది. సంక్రాంతికి ఊరొస్తారు కదా, భోగి పిడకలు కాలేలోపు ఇంట్లో అందరి పేర్లూ ఫోన్‌లో చూసేయొచ్చు. పేరు అప్పటికే తీసేసి ఉంటే ఇక ఫారం 8 పనికిరాదు, ఫారం 6 మళ్లీ పెట్టాలి.

ఎన్నికల ప్రకటన వచ్చాక కూడా నమోదు సాగుతుంది, నామినేషన్ల చివరి రోజు దాకా. కానీ ఏడు రోజుల గడువు, విచారణ అన్నీ అందులోనే పూర్తవ్వాలి. అందుకే కనీసం పది రోజుల ముందు దరఖాస్తు చేరాలి. 2024లో పోలింగ్ మే 13న జరిగితే నామినేషన్లు ఏప్రిల్ 25తో ముగిశాయి. పోలింగ్‌కు వారం ముందు మేల్కొన్నవాళ్లకు అప్పటికే దారి మూసుకుపోయింది.

పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. వాటి జాబితా తయారయ్యేదీ ఈ అసెంబ్లీ జాబితా నుంచే. ఇక్కడ పేరు లేకపోతే సర్పంచ్ ఓటు కూడా ఉండదు.

పోలింగ్ రోజు

ఓటరు కార్డు ఉంటే తీసుకెళ్లండి. లేకపోతే ఈ పన్నెండింటిలో ఏదో ఒకటి, అసలుది: ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేక పోస్టాఫీసు పాస్‌బుక్, కార్మిక శాఖ ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాన్, జాతీయ జనాభా రిజిస్టరు స్మార్ట్ కార్డు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ప్రభుత్వ లేక ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగి కార్డు, ఎంపీ, ఎమ్మెల్యే, ఎమ్మెల్సీలకు ఇచ్చే కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు. పాస్‌బుక్ మీద ఫొటో అతికించి బ్యాంకు ముద్ర ఉందో లేదో ముందురోజే చూసుకోండి. రేషన్ కార్డు ఈ జాబితాలో లేదు. ఇంటికొచ్చి ఇచ్చే ఓటరు చీటీ వరుస సంఖ్య కోసమే, అది గుర్తింపు కాదు. విదేశాల నుంచి వచ్చి ఓటేసేవాళ్లు అసలు పాస్‌పోర్టే చూపించాలి.

మీ పాత కార్డు వేరే నియోజకవర్గంలో ఇచ్చినదైనా, మీ పేరు ఈ కేంద్రం జాబితాలో ఉంటే ఆ కార్డు చెల్లుతుంది. కార్డులో ఫొటో పోల్చలేకుండా ఉంటే మాత్రం పై పన్నెండింటిలో ఒకటి చూపించాల్సి వస్తుంది.

పేరు పక్కన ఊళ్లో లేనివారు, మారినవారు, మరణించినవారి జాబితా గుర్తు ఉంటే భయపడొద్దు. మీరు నిజంగా మీరేనని కాగితం చూపితే, వేలిముద్ర తీసుకుని ఓటేయనిస్తారు. తాళం వేసి వెళ్లినవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ఆ రోజు పాస్‌బుక్ కూడా వెంట ఉంచుకుంటే రెట్టింపు ధైర్యం.

85 ఏళ్లు నిండినవాళ్లు, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే ఓటు కోరవచ్చు. దానికి ఫారం 12డి నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు చేరాలి. బీఎల్‌వోనే ఆ ఫారం తెచ్చిస్తారు, రాకపోతే అడగండి.

మీ పేరు మీద అప్పటికే ఎవరో ఓటేసి వెళ్లారని చెబితే ఏడుస్తూ వెనక్కి రాకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండరు ఓటు అడగండి. మీరెవరో నిర్ధారించుకోవడానికి ప్రశ్నలు వేస్తారు. జవాబులు సరిగా ఉంటే కాగితం బ్యాలెట్ ఇస్తారు. దానికి విడిగా ఉండే జాబితాలో మీ సంతకం తీసుకుంటారు. ఆ బ్యాలెట్ మీద ముద్ర వేసి, మడతపెట్టి అధికారి చేతికే ఇవ్వాలి, ఆయన దాన్ని విడి కవరులో ఉంచుతారు.